అత్తమ్మ వేప, నా కానుగ

వేప మంచిదా, కానుగ మంచిదా అని నన్నెవరైనా అడిగితే ముందు నవ్వు వస్తుంది. ఆ నవ్వు ఆగేదాకా జవాబు రాదు. గద్వాలలో మా వీధి మొదట్లో ఈ రెండు చెట్లూ ఎదురెదురుగా ఉన్నాయి. వేప మా అత్తమ్మ పెట్టింది, కానుగ నేను పెట్టింది. నాలుగేళ్ళపాటు మేమిద్దరం వాటి కోసం పడ్డ పోట్లాట, ఏ అత్తాకోడళ్ళూ వంటింటి పెత్తనం కోసం కూడా పడి ఉండరు.

మాది నేతపని చేసే కుటుంబమే గానీ, మా తాత కాలంలోనే మగ్గం వదిలేసి ఖిల్లా ఘణపూర్ దగ్గర కౌలుకు సేద్యం మొదలుపెట్టారు. నేను పల్లికాయ తెంపుతూ, పత్తి ఏరుతూ పెరిగాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పెళ్ళయి గద్వాల వచ్చాక, మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న ఆడమనిషిని మొదటిసారి చూశాను. ఆమె మా అత్తమ్మే. నూలు చీరకు పట్టు అంచు, పోగు పోగూ పట్టి కలుపుతున్నది. నేను చూస్తూ నిలబడి పొయ్యి మీది పాలన్నీ పొంగించేశాను. నాకు అక్కడ కూర్చోవాలని పిచ్చి పట్టింది ఆ రోజే.

వారం ఓపిక పట్టి అడిగేశాను. అత్తమ్మ నా అరచేతులు తిరగేసి బొటనవేలితో రుద్ది చూసింది.

"గీ గరుకు చేతులతోని పట్టు ముడితే పోగులన్నీ లేస్తయి పిల్లా. కండెలు చుట్టుకో, చాలు."

కండెలు చుట్టడమంటే రాట్నం తిప్పుతూ నూలు చిన్న గొట్టాలకు ఎక్కించడం. ఏడాది పొడుగునా తిప్పాను. మగ్గం గుంట నాకు నాలుగడుగుల దూరంలోనే ఉండేది, కానీ ఆ నాలుగడుగులే దాటనిచ్చేవాళ్ళు కాదు. లోపల కుతకుతలాడిపోయేదాన్ని.

ఇక చెట్ల సంగతి. చీరకు నిలువు పోగులు, అదే పడుగు, మగ్గానికి ఎక్కే ముందు వీధి పొడుగునా సాగదీసి, కొసను తాడుతో చెట్టుకు కట్టి, గంజి పెట్టి, పెద్ద కుంచెతో దువ్వాలి. దువ్వేలోపే ఎండ తగిలితే గంజి ఎండి పోగులు అతుక్కుపోతాయి, లాగితే పుటుక్కున తెగుతాయి. మా వీధి ఇరుకు కాబట్టి చాలామటుకు ఇళ్ళ నీడ ఉంటుంది. తూర్పు వైపు మొదట్లో మాత్రం పొద్దున్నే ఎండ సూటిగా పడుతుంది. అక్కడుండే పాత చింతచెట్టు ఒక గాలివానకు కూలిపోయింది. ఆ వేసవిలో మా మామ వీధికి అడ్డంగా దుప్పట్లు కట్టి పడుగు దువ్వాడు. గాలికి ఒక దుప్పటి ఊడిపోయి గంజి మీద పడింది. ఆ పడుగంతా పాడైపోయింది.

తొలకరి పడగానే చెట్టు పెట్టాలనుకున్నారు. అత్తమ్మ వేప అన్నది. నేను ఎవరూ అడగకుండానే కానుగ అన్నాను.

"కానుగనా? గది పొలం గట్టు మీద పెట్టే చెట్టు."

"నీడ చూడు అత్తమ్మా, గొడుగు లెక్క ఉంటది. యాప నీడ జల్లెడ లెక్క."

అత్తమ్మ మొహం ఎర్రబడింది. మామ నవ్వు ఆపుకోలేక కుంచె కడిగే వంకతో పెరట్లోకి పోయాడు.

"అయితే రెండూ పెడ్దాం" అన్నది అత్తమ్మ. "ఎండకాలంల పడుగు తాడు ముందుగాల ఏ చెట్టుకు కడ్తమో, గదే గెలిచినట్టు. నా యాప గెలిస్తే మగ్గం ఊసెత్తొద్దు. నీ కానుగ గెలిస్తే గుంటల నిన్ను నేనే కూసోబెడ్త."

అంతే. నా బతుకంతా ఒక కానుగ మొక్క మీద పెట్టేశాను.

మా నాయన గట్టు మీది మొక్కను వేరు మట్టితో సహా గోనెసంచిలో కట్టి, షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిచ్చాడు. మోకాలి లోతు గుంత తీసి, సగం పాత పేడ ఎరువు, సగం ఎర్రమన్ను వేసి నాటాను. అత్తమ్మ మా పెరటి గోడ పక్కన తనంతట మొలిచిన వేపను మట్టిగడ్డతో సహా పెకలించి ఎదురుగా నాటింది. చుట్టూ మూడు రాళ్ళు పేర్చి, తుమ్మకంప కట్టింది. నేను కంప కట్టలేదు. కానుగ ఆకును మేక వాసన చూసి వదిలేస్తుంది. ఆ ఒక్క విషయంలో ముందే గెలిచినట్టు వీధంతా చెప్పుకు తిరిగాను.

ఆ సంబరం ఎన్నాళ్ళో ఉండలేదు. వేప ఏడాదికే నా నడుము దాటింది. కానుగ నాలుగు ఆకులు వేసి కూర్చుంది. రోజూ పొద్దున లేచి జానతో కొలిచేదాన్ని. నిన్నా అంతే, ఈ రోజూ అంతే. మా నాయన వచ్చి చూసి, "గది ముందుగాల కిందికి పోతది బిడ్డా, పైకి తరువాత వస్తది" అన్నాడు. కిందికి పోయిన దాన్ని కొలిచేదెట్లా! బోరింగు నీళ్ళు ఒలికి పారే వైపు చిన్న కాలువ తీసి నా చెట్టుకు మళ్ళించాను. కానుగకు తడి నిలిచినా ఏమీ కాదు. వేప పాదులో నీళ్ళు నిలిస్తే దిగాలుపడుతుందని అత్తమ్మ దానికి ఎండాకాలంలో వారానికి రెండు బిందెలే పోసేది. అయినా అదే పెరిగేది. రెండో ఏడు నా కానుగ ఆకుల మీద తెల్ల గీతలు, బుడిపెలు వచ్చాయి.

"నీ చెట్టుకు గజ్జి పట్టింది పిల్లా, దవాఖానకు తీస్కపో" అన్నది అత్తమ్మ.

నాకు ఒళ్ళు మండింది. కానీ వేపకూ ఒక గండం ఉండేది. అది మేక కాదు, మనిషి. తెల్లవారేసరికి వీధిలో మగవాళ్ళంతా పండ్లపుల్ల కోసం అక్కడికే వచ్చేవాళ్ళు. పాపం అత్తమ్మ చీపురు పట్టుకుని అరుగు మీద కాపలా కూర్చునేది. ఆమె స్నానానికి పోగానే రెండు కొమ్మలు మాయం. ఉగాదికి పూత మాయం, ఎవరింట్లోనైనా పిల్లలకు అమ్మవారు పోస్తే మండలు మాయం. నేను లోపల రాట్నం తిప్పుతూ తెగ సంతోషించేదాన్ని.

మూడో ఏడు వేప మా తలుపు ఎత్తు దాటేసింది. నా కానుగ భుజం దగ్గరే ఉంది. అప్పుడే నేనొక నీచమైన పని చేశాను. మామ పట్టుకు ఎరుపు అద్ది, మిగిలిన రంగునీళ్ళు రెండు బకెట్లు మురుగులో పోయమన్నాడు. వీధిలో ఎవరూ లేరు. రెండు బకెట్లూ తీసుకుపోయి వేప పాదులో కుమ్మరించాను. చచ్చిపోవాలని కాదు, ప్రమాణంగా చెబుతున్నా, జర నెమ్మదించాలని.

మరునాడు లేచేసరికి అత్తమ్మ వాకిట్లో పేడనీళ్ళు చల్లుతోంది. రోజూ గడప ముందు చల్లేది ఆ రోజు వీధి మొదటిదాకా చల్లింది. ఏదో మంచి రోజు కాబోలు అనుకున్నాను. బోరింగుకు పోతూ వేప వైపు చూసి బిందె వదిలేశాను. మూడు రాళ్ళూ ఎర్రగా, చెట్టు మొదలు ఎర్రగా, మన్ను ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మీద ఎవరో పచ్చగా పసుపు రాసి బొట్లు పెట్టారు. పక్కింటి ముసలమ్మ చెప్పులు విడిచి దండం పెడుతోంది.

"తల్లి వెలిసింది బిడ్డా" అన్నది నాతో.

మధ్యాహ్నానికి కొబ్బరికాయ వచ్చింది. వారానికి గాజులు, రవికె గుడ్డ. పండ్లపుల్ల కోసం వచ్చినవాళ్ళు లెంపలేసుకుని వెనక్కి పోయారు. నేను నిజం చెప్పలేను, నవ్వలేను. కండెలు చుడుతూ కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. రంగునీళ్ళకు ఆ మొండి చెట్టు ఆకు కూడా వాడలేదు. విరిచేవాడు లేక రెండింతలు పెరిగింది. నా చేత్తో నేనే దాన్ని గెలిపించానని తెలిసి, ఒక పూట నిజంగానే ఏడ్చాను.

నాలుగో వేసవి వచ్చింది. వేప ఇంటి కప్పును అందుకుంది. అప్పుడు నా కానుగకేమైందో గానీ, మాఘంలో ఆకంతా రాల్చేసి, ఎండలు ముదిరే వేళకు మెరిసిపోయే లేత ఆకు తొడిగింది. ఎత్తు తక్కువే, కానీ పక్కలకు బాగా విప్పుకుంది. వేప కింద నేల మీద ఎండ చుక్కలు ఆడుతుంటే, కానుగ కింద నీడ చాప పరిచినట్టుంది.

ఒక పొద్దున మామ పడుగు భుజానేసుకుని, తాడు పట్టుకుని వీధి మొదటికి నడిచాడు. నేను గడపలో నిలబడ్డాను. ఆయన తిన్నగా వేప దగ్గరికే పోయాడు. లావుగా, గట్టిగా ఉన్నది అదే. తాడు చుట్టబోయాడు.

"ఏంది, ఏంది! తల్లికి తాడు కడ్తవా?" ముసలమ్మ కేక పెట్టింది.

"చెప్పులతోని పోయినవ్!" ఇంకెవరో అన్నారు.

మామ తాడు వదిలేసి, చెప్పులు విడిచి, దండం పెట్టి, మళ్ళీ చెప్పులు చేతబట్టుకుని, తాడెక్కడ పడిందో తెలియక వెతుక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎదురుగా ఏ దేవతా లేని, బొట్టు లేని, బుడిపెల ఆకుల నా కానుగ. గొణుక్కుంటూ పోయి దానికి కట్టాడు.

నేను వీధి మధ్యలో ఎగిరి గంతేశాను. కొత్త కోడలిని కాకపోయినా కోడలినే కదా, అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. పడుగు మీద గంజి ఆ రోజు చల్లగా, నిదానంగా ఆరింది. ఒక్క పోగు తెగలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ పిలిచింది. మగ్గం గుంటలోకి దింపి, నా చేతులు పట్టుకుని కొబ్బరినూనె రాసింది.

"ఆ దినం మన గడప కాడినుంచి యాప దాకా ఎర్రచుక్కలు పడ్డయి" అన్నది నెమ్మదిగా. "తెల్లారకముందే పేడనీళ్ళు సల్లి మాపిన. పసుపు గుడ నేనే రాసిన."

నాకు భూమి చీలితే బాగుండు అనిపించింది. "నీ చెట్టును కాపాడుకునేటందుకా అత్తమ్మా?"

"కాపాడుకునేటందుకే. పుల్లలు ఇరిచేటోళ్ళతోని పరేషానైన." నూనె రాయడం ఆపలేదు. "దేవతకు తాడు కట్టరని గుడ ఎర్కే. నువ్వు రోజూ గీ దిక్కు సూసుకుంట కండెలు చుడుతుంటే నా మనసు ఆగలే. అట్లని మాట మీద ఎన్కకు పోతే నా పరువేముంటది?"

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. పడుగులోంచి అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేతికిచ్చింది. విసిరాను. మూడు పోగులు పుటుక్కున తెగాయి.

"గరుకు చేతులు" అని తిట్టి, పక్కన కూర్చుని మూడూ అతికించింది.