వచ్చినవాళ్ళ పేర్లు రాసిన సుగుణకుమారి గారు

మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి సుగుణకుమారి సిస్టరు గారు కాలం చేశారు. డ్యూటీలు మారే వేళ. పొద్దుటివాళ్ళు మధ్యాహ్నంవాళ్ళకి ప్రతి మంచం దగ్గరా ఆగి రోగులను అప్పగిస్తున్నారు. ఆవిడ గుండెల్లో నొప్పని పదకొండింటికి ఆటోలో వచ్చి, రిటైరయ్యేదాకా తాను పనిచేసిన వార్డులోనే పడుకున్నారు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నన్ను సాగనంపవలసిన మనిషి పాదాలు పట్టుకుని నేను కూర్చోవలసి వచ్చింది. ఇంకా నమ్మకం కుదరటం లేదు.

నేను నర్సును కాను. అదే వార్డులో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేశాను. ఆవిడ మా నరసాపురం నర్సుల సంఘానికి కార్యదర్శి. రిటైరైనా ఆ పని ఆవిడదే. నెలకోసారి మీటింగు. నేను కుర్చీలు వేసేదాన్ని, ఆవిడ ఎదురు చూసేవారు. సగం మంది డ్యూటీలో, నైట్ చేసినవాళ్ళు నిద్రలో, మిగిలినవాళ్ళు వంటింట్లో. కూర్చున్నంతసేపూ ఆవిడ లేసు అల్లుకునేవారు. ఒక సాయంత్రం అరచెయ్యంత పువ్వు పూర్తయింది గానీ మనిషి రాలేదు. ఇలాగే ఉంటే మీ శాఖ ఎత్తేసి భీమవరంలో కలిపేస్తామని పైవాళ్ళు చెప్పేశారు.

"ఇక్కడికే రానివాళ్ళు భీమవరం వెళ్తారా ఆయమ్మా?" అన్నారు. ఆ గొంతులో దిగులు వినటం నాకదే మొదలు.

అప్పుడే వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందరూ చేరారు. పొద్దున్నే గులాబీలు, దేవుడి బొమ్మలు, పుట్టినరోజు కేకులు. మీటింగు ఉందని పెడితే అందరూ "ఓకే సిస్టర్" అని పెట్టేవారు, ఒక్కరూ వచ్చేవారు కారు. ఆవిడకి కోపం ఎక్కువ. చనిపోయారు కదా అని అది దాచను. ఒకరోజు రానివాళ్ళ పేర్లన్నీ వరసగా గ్రూపులో పెట్టేశారు, వార్డు రిజిస్టర్లో ఆబ్సెంటు వేసినట్టు. తెల్లారేసరికి సగం మంది గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

"తప్పు చేశానా ఆయమ్మా?"

"చేశారు. వార్డులో తిట్లు వాళ్ళకి చాలటం లేదనా, ఫోన్లో కూడా తిట్టారు?"

ఆవిడ ఆ పూట లేసు కూడా ముట్టుకోలేదు. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నారు.

ఆ నెల నలుగురు వచ్చారు. ఈసారి వచ్చినవాళ్ళ పేర్లు పెట్టారు, ఇంటిపేరుతో సహా, ఎవరేం మాట్లాడారో ఒక్కో ముక్క రాసి. బట్టలు మార్చుకునే గదికి గొళ్ళెం లేదని నేనన్న మాట పక్కన నా పేరు. తన పేరు అందరికంటే చివర.

"ఆయా పేరు పెట్టారేంటండి?" అని ఒకావిడ గ్రూపులోనే అడిగింది.

"వచ్చారు కనక పెట్టానండి. మీరూ వస్తే మీదీ పెడతాను" అని జవాబిచ్చారు. పై నెల ఆవిడ వచ్చింది, కుర్చీ తనే లాక్కుని మరీ.

గ్రూపులో రాసింది నాకు చదివి వినిపించి, వేలు పెట్టి చూపించారు. "ఇదిగో మీరు. నల్లా వీరవెంకట సత్యవతి." నా పేరు అంత పొడుగుంటుందని నాకే తెలియదు. ప్రతి నెలా ఉందో లేదో ఎవర్నడగనండీ అన్నాను. "అడగటం ఎందుకు? చదవండి" అన్నారు. అరవై దాటాక, దుప్పట్లు పెట్టే గదిలో, ఆవిడ ఫోన్ మీద అక్షరాలు దిద్దాను. వత్తు తప్పితే లేసు సూదితో వేలి మీద చిన్నగా పొడిచేవారు.

"వార్డులో మనకి పేర్లేవి? నేను సిస్టర్ని, మీరు ఆయమ్మ. సంఘంలోనైనా పేరుండాలి" అనేవారు. డ్యూటీలో ఉన్నవాళ్ళు ఫోన్లో మాట కలిపితే వాళ్ళ పేరూ వేసేవారు. ఫోన్లో ఉన్నా వచ్చినట్టే, అది ఆవిడ శాసనం. ఆ పేర్ల కోసం జనం కదిలారు. కుర్చీలు చాలక కింద దుప్పటి పరిచాం. శాఖ నిలబడింది. గదికి గొళ్ళెమూ పడింది. ఆవిడ లేసు మాత్రం సగంలో ఆగిపోయింది. మీటింగులో అల్లుకునే తీరిక మళ్ళీ దొరకలేదు.

ఇప్పుడు గ్రూపు నిండా దండం పెట్టే చేతులు. నాకవి అక్కర్లేదు. రెండు దాటితే ఫోన్ తీసి, "సత్యవతి గారూ, తిన్నారా? రాసి చెప్పండి" అని ఆవిడ రోజూ పంపే ముక్క కోసం చూస్తున్నాను. రాదని తెలుసు. అయినా చూస్తున్నాను. ఇంట్లో నేను నాయనమ్మని, వీధిలో ఆయమ్మని. ఆ పేరుతో పిలిచే మనిషి ఇంకెక్కడ దొరుకుతుంది?

సంఘంవాళ్ళు నివాళి రాయమన్నారు. నాకు చేతనైన నివాళి, ఆవిడ పద్ధతి తప్పకపోవటమే. ఆ మంగళవారం ఉన్నవాళ్ళ పేర్లు గ్రూపులో నేనే పెట్టాను. ఇక్కడా రాస్తున్నాను.

సెలైన్ ఎక్కించిన పాలపర్తి ఎస్తేరురాణి. చెమటలు కక్కుతూ ఛాతీ నొక్కిన కొల్లాటి పద్మజ. ఆవిడ కనురెప్పలు మూసిన గుడాల జ్యోతి. విశాఖపట్నం నుంచి "అమ్మా, అమ్మా" అంటూ ఫోన్లో ఉన్న కూతురు దీప్తి; ఫోన్లో ఉన్నా వచ్చినట్టే. పాదాలు పట్టుకున్న నల్లా వీరవెంకట సత్యవతి. ఎప్పటిలాగే అందరికంటే చివర, మద్దా సుగుణకుమారి.