చేతిలో ఇనుము

తాడేపల్లిగూడెం బస్టాండులో సోడాకొట్టు సత్తిబాబు నోరు మూయించిన మనిషిని కాంతమ్మ ఒక్కతెనే చూసింది.

ఆవేళ కాలేజీ పిల్ల ఒకతె బస్సు దిగుతూనే విరుచుకుపడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నోట నురగ. జనం మూగారు. సత్తిబాబు కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఇనుం, ఇనుం. ఎవరిదగ్గరన్నా తాళాలున్నాయేంటండీ?"

తాళాలంటే పెంటపాడు కాంతమ్మవే తాళాలు. అత్తగారి పెద్దకర్మ అయిన సాయంత్రం చేతికొచ్చిన గుత్తి, కోడలు అడిగినా ఇవ్వని గుత్తి. అలాంటిది బొడ్లోంచి తీసి సత్తిబాబు చేతిలో పెట్టింది. అది పిల్ల చేతిదాకా వెళ్ళకముందే సన్నపాటి ఆడమనిషి ఒకామె జనాన్ని తోసుకుని వచ్చింది. పిల్లను పక్కకు ఒత్తిగిలించి, తల కింద తన సంచీ పెట్టి, సత్తిబాబు చెయ్యి అడ్డుకుంది.

"తాళాలు వద్దండీ."

"వద్దని చెప్పడానికి నువ్వెవరు?"

"నర్సునండీ."

"నర్సువైతే సూది పొడువమ్మా. ఈ బస్టాండులో నేనెంతమందిని లేపేనో తెలుసా? ఇనుం పెట్టడం, లేవడం. అంతే."

"పెట్టకపోయినా లేచేవారండీ."

"పెట్టకుండా లేచినోళ్ళని నువ్వు చూసేవేంటి?"

"ఇప్పుడు అందరం చూద్దామండీ. ఆ గుత్తి మీరే పట్టుకోండి. గట్టిగా. ఈ పిల్ల లేస్తుంది."

సత్తిబాబు గుత్తి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి పిల్ల ఒళ్ళు వదులైంది. కళ్ళు తెరిచి, ఇంతమంది ఎందుకున్నారన్నట్టు చూసింది.

"ఇనుం సత్తిబాబు చేతిలో, నయం పిల్లకి. భలే వైద్యం," అన్నాడు వెనకనుంచి ఒక ఆటో అతను. బస్టాండంతా నవ్వింది. సత్తిబాబు గుత్తి తెచ్చి, "తమ తాళాలండీ" అని కాంతమ్మకు అప్పగించి కొట్టులోకి వెళ్ళిపోయాడు. ఆ పూట సోడా కొట్టిన చప్పుడు కూడా వినబడలేదు.

తన తాళాలు పనికిరావని పదిమందిలో తేలినందుకు కాంతమ్మకు ఒళ్ళు మండింది. కానీ ఆమెది గెలిచినవాళ్ళను మరిచిపోయే బుద్ధి కాదు. నెల తిరక్కుండా ఆ మనిషే వెనక వాటా అద్దెకు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడితే, "తాళాలు వద్దన్న పిల్లవి కదూ. ఇదిగో, ఈ వాటా తాళం మాత్రం వద్దనకు" అని చేతికిచ్చింది. సాయిబుల పిల్లకు ఇల్లిచ్చావేమిటని దీర్ఘాలు తీసిన పక్కింటావిడతో, "రేపు నీకు జ్వరమొస్తే ఏ తలుపు తడతావో చూస్తాగా" అంది.

ఆ పిల్ల పేరు నిలోఫర్. పుట్టిల్లు ఆకివీడు. తండ్రి చేపల ప్యాకింగు షెడ్డులో ఐసు కొట్టే పని చేసేవాడు. పెంటపాడు దగ్గర హాస్టలున్న ఒక ప్రైవేటు స్కూల్లో ఈమె నర్సు. పిల్లల జ్వరాలు, గజ్జి, పేలు, కడుపునొప్పులు అన్నీ ఆమెవే. సంక్రాంతి సెలవులయ్యాక స్కూలు కరస్పాండెంటు సుబ్బరాజుగారు పిలిచి ఒక్కటే మాట చెప్పారు. స్కూల్ నర్సింగు సర్టిఫికెట్ పరీక్ష పాసైతే జూన్లో ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. పరీక్ష ఏలూరులో.

అప్పటినుంచి సాయంత్రాలు పెరట్లో అరుగు మీద గైడు కాంతమ్మ చేతిలో, జవాబు నిలోఫర్ నోట్లో. కాంతమ్మ చదువు ఒత్తుల దగ్గర ఆగిపోయింది. అయినా అక్షరం ఎదురొస్తే తలవంచే మనిషి కాదు.

"విద్యార్థుల దృ... దృష్టిలోపమును పరీక్షించుటకు ఎన్ని అడుగుల దూరమున... ఇదేం తెలుగే? కళ్ళు ఆనుతున్నాయా లేదా అని రాస్తే వీడి సొమ్మేం పోయింది?"

"ఇరవై అడుగులండీ, మామ్మగారూ."

"గబుక్కున చెప్పేవంటే రైటే."

ఒక రోజు పేల గురించిన ప్రశ్న. పేలున్న పిల్లను ఇంటికి పంపించెయ్యాలా, బళ్ళోనే ఉంచాలా అని కాంతమ్మ కూడబలుక్కుని చదువుతోంది. జవాబు రాలేదు. తల ఎత్తేసరికి నిలోఫర్ మెడ ఒక పక్కకు లాగేసి ఉంది. అరుగు మీంచి వెల్లకిలా పడింది. పళ్ళు బిగుసుకుపోయాయి. బస్టాండులో ఆ పిల్ల ఎలా కొట్టుకుందో అలాగే.

కాంతమ్మ బుర్ర ఏదైనా ఆలోచించేలోగా చెయ్యి బొడ్లోకి వెళ్ళిపోయింది.

నిలోఫర్‌కు తెలివి వచ్చాక మొదట తన అరచెయ్యి చూసుకుంది. తాళంచెవుల పళ్ళు అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. నాలుక కొరుక్కుని పెదవి మీద నెత్తురు.

"నేనే పెట్టేను. చెయ్యి వెళ్ళిపోయింది," అంది కాంతమ్మ.

"పక్కకు తిప్పారాండీ?"

"లేదు."

నిలోఫర్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది కాంతమ్మకు. గోడకు చేరగిలబడి, నాలుక తిరగక ముద్దముద్దగా చెప్పింది.

"మా చెల్లెలికీ ఉండేదండీ. నాన్నకి అన్నం తీసుకెళ్ళి షెడ్డులో పడిపోయింది. ఐసు కొట్టే కడ్డీ చేతిలో పెట్టేరు. చాల్లేదని ఇంకోటి తెచ్చేరు. అందరూ ఇనుం కోసం పరిగెత్తేరండీ. పక్కకు తిప్పినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. తిన్న అన్నం గొంతుకి అడ్డుపడి పోయింది."

కాంతమ్మ గుత్తి తీసి కొంగులో దాచుకుంది, ఎవరో చూస్తారన్నట్టు.

"నీకెప్పణ్ణుంచి?"

"చిన్నప్పటినుంచీనండీ. మాత్ర వేసుకుంటే రాదు. రెండేళ్ళనుంచి రాలేదు."

"మరివాళ ఎందుకొచ్చింది?"

"మానేశానండీ. అది వేసుకుంటే బుర్ర మొద్దుబారిపోతుంది. చదివింది నిలవదు."

"అందరికీ మాత్రలు మింగించే దానివి, నీ మాత్ర నువ్వు మానేశావా? బుద్ధుందా నీకు? పిల్లలకి నువ్వున్నావు. నీకెవరున్నారే? ఆ పేలపిల్లని ఒళ్ళో పెట్టుకుని పడితే?"

"అందుకే పరీక్ష అవగానే మొదలుపెడతానండీ."

"సుబ్బరాజుతో నేను మాట్లాడతా. ఇదీ సంగతి, ఈ మాత్రం కనికరం లేదా అని."

"వద్దండీ. పోయినేడు మా స్కూల్లో ఆయాకి ఇలాగే వచ్చిందండీ. సాయంత్రానికల్లా మానిపించేశారు. మర్యాదగానే. బిర్యానీ పొట్లం కూడా ఇచ్చి పంపించారు."

కాంతమ్మ ఆ రోజే షరతు పెట్టింది. తన కళ్ళ ముందు మాత్ర మింగితేనే గైడు తెరుస్తుంది. నిలోఫర్ మింగింది. మూర్ఛ మళ్ళీ రాలేదు. కానీ వచ్చిన చదువూ పోయింది. కళ్ళు వాలిపోయేవి. నిన్నటి ప్రశ్నకు ఇవాళ దిక్కులు చూసేది. కళ్ళ పరీక్షకు ఎన్ని అడుగులే అని ఒకనాడు కాంతమ్మ అడిగితే, గోడవంక చూసి చూసి, "పదా, మామ్మగారూ?" అంది. కాంతమ్మ రైటో తప్పో చెప్పకుండా పేజీ తిప్పేసింది. మాత్ర వేసుకుంటే ఈ పిల్ల పడిపోని నర్సు, మానేస్తే పాసయ్యే మనిషి. రెండూ ఒక్క ఒంట్లో ఇమడవు. దేవుడు కూడా సుబ్బరాజులాగే మర్యాదగా అన్యాయం చేస్తాడు అనుకుంది.

పరీక్షకు ముందురోజు సాయంత్రం కాంతమ్మ గైడు తెరిచింది. ఎలాగూ రాదని తెలిసి, ఊరికే నోరాడించడానికి అడిగింది.

"కళ్ళు ఆనుతున్నాయో లేదో ఎంత దూరాన్నుంచి చూడాలే?"

"ఇరవై అడుగులండీ."

ఆ పక్క ప్రశ్న. దానికీ టక్కున చెప్పింది. ఆ పక్కది ప్రశ్న పూర్తవకుండానే చెప్పింది. గబుక్కున చెబితే రైటే. కాంతమ్మ గైడు మూసేసింది.

"ఎన్నాళ్ళైంది మానేసి?"

"వారమైందండీ."

"నా ఎదురుగానే మింగుతున్నావుగా."

"దవడలో పెట్టుకుని ఊసేస్తున్నానండీ. హాస్టలు పిల్లలు నామీద వేసే ఎత్తే."

పెరట్లో పొద్దు గుంకుతోంది. నిలోఫర్ దగ్గరగా జరిగి అరుగు కింద కూర్చుంది.

"మామ్మగారూ, రేపు నాతో ఏలూరు రావాలండీ. హాలు గుమ్మం దగ్గరే కూర్చోండి. నేను పడిపోతే లోపలికి వచ్చెయ్యండి, ఎవరాపినా ఆగకండి. మీ నోటికి ఎవరూ అడ్డురారు. పక్కకు తిప్పండి. ఎవరన్నా అడిగితే పొద్దున్న ఏం తినలేదు, కళ్ళు తిరిగాయని చెప్పండి."

"ఈ వయసులో నాచేత అబద్ధం ఆడిస్తావుటే?"

"ఆడలేకపోతే మానెయ్యండి. పక్కకు తిప్పితే చాలు." ఆమె కళ్ళు కాంతమ్మ బొడ్డు దగ్గర ఆగాయి. "తాళాలు మాత్రం ఇంట్లో పెట్టి రండి, మామ్మగారూ."