పెండ్లికొడుకుతో పాటు లేచిన పీట

"లగ్నం దాటిపోతది, లేచి పుస్తె కట్టు నాయనా" అన్నాడు పంతులు. పెండ్లికొడుకు లేచాడు. అతనితో పాటు పీట కూడా లేచింది.

మంచిర్యాలలో ఒక ఫంక్షన్ హాలు. శ్రావణమాసం, బయట ముసురు, లోపల రెండు ఊళ్ల చుట్టాలు. గట్టిమేళం అందుకున్న సన్నాయి ఆయన మధ్యలో ఆగి, ఒకసారి చూసి, మళ్లీ అందుకున్నాడు. వృత్తి మీద గౌరవం ఉన్న మనిషి. పెండ్లికొడుకు ప్రవీణ్ చేతిలో పుస్తెతో, సగం వంగి, వెనక టేకు పీటతో, ఇల్లు మోస్తున్న తాబేలులా నిలబడ్డాడు. పీట ఒక మూలే అంటుకుని ఉంటే లాగేయవచ్చు. అలా లేదు. పలక నిండా సమంగా అంటుకుంది. దాన్ని అంత నున్నగా రందా పట్టినవాడు పనిమంతుడు.

ఆ పనిమంతుణ్ణి నేనే.

ఇదంతా ఎలా జరిగిందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. నేను ముప్పై ఏళ్లు కరీంనగర్‌లో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఇతరుల వార్తలు దిద్దాను. రిటైరయ్యాక దిద్దడానికి ఇంట్లో మా ఆవిడ సుగుణ తప్ప ఎవరూ మిగల్లేదు. రెండో వారంలో ఆమె, "నా మాటలల్ల తప్పులు తీసుడు బందు వెట్టి ఏదన్న పని వెట్టుకో" అంది. ఫోన్‌లో వడ్రంగం వీడియోలు చూశాను. వాటిలో గడ్డం తెల్లబడ్డ మనుషులు ఎవరితోనూ మాట్లాడకుండా చెక్కను నునుపు చేస్తుంటారు. నాకు ఆ బతుకు నచ్చింది. రంపం, చిత్రిక పట్టే రందా, ఉలి, ఒక డ్రిల్ మిషను తెచ్చుకున్నాను.

మొదట వంటింట్లో ఒక అల్మార కట్టాను. దాని మీద ఏ డబ్బా పెట్టినా కొంతసేపటికి ఎడమవైపు చేరేది. "ఇగ ఎతుక్కునే పని లేదు, అన్నీ ఒక్క కాడనే ఉంటయ్" అని సుగుణకు సర్దిచెప్పాను. ఆమె ఎడమ చివర ఒక ఇటుక పెట్టింది. పాఠకులు దీన్ని అవమానం అనుకోవచ్చు. నేను సవరణ అనుకున్నాను. పత్రికలోనూ అంతే, తప్పు పడితే మర్నాడు ఒక మూల చిన్నగా సవరణ వేస్తాం, లోకం ముందుకు సాగుతుంది.

అప్పుడే నా బామ్మర్ది మల్లేశం తన బిడ్డ శ్రావణి పెండ్లి ఖాయం చేశాడు. మల్లేశం మంచిర్యాలలో ఉంటాడు. మా దిక్కు పెండ్లి పీటలు దుకాణంలో కొనరు. వడ్రంగి చేత, అంటే వడ్లాయన చేతనే చేయిస్తారు. డప్పులతో ఆయన ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి, కొత్త బట్టలు పెట్టి పీటలు తెచ్చుకుంటారు. మా వీధిలోనే వడ్లాయన వీరాచారి ఉన్నాడు. మా పెండ్లి పీటలు కూడా ఆయన తండ్రి చేసినవే. అయినా నేను నోరు తెరిచాను.

"పీటలు నేను చేస్త."

మల్లేశం ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బావా, ఇది లగ్గం. అల్మార కాదు."

"ఆ అల్మారనే సక్కగ లేదు" అంది సుగుణ.

"చెయ్యనీ బాపూ" అంది శ్రావణి. "మామ చేసిన పీట మీద కూసుంటే నాకు యాదికుంటది."

ఆ ఇంట్లో నన్ను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు యాదికుండేలా చేయడంలో మాత్రం నేను విఫలం కాలేదు.

ఖానాపూర్ వైపు తెలిసినవాళ్ల టింబర్ డిపో నుంచి టేకు పలకలు తెప్పించాను. ఇరవై రోజులు పనిచేశాను. ఇది గొప్పకు చెప్పడం లేదు గాని, పీటలు బాగా వచ్చాయి. వీరాచారిని పిలిచి చూపించాను. ఆయన ఒక పీటను తిరగేసి, బోర్లేసి, కన్ను మూసి అంచు వెంట చూశాడు.

"మంచిగనే చేసినవ్ సారూ. కాళ్లు కూడ నాలుగే ఉన్నయ్."

మెచ్చుకోలులో వీరాచారి అంతకుమించి పోడు. వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "వార్నిష్ ఒక పూత ఎండినంకనే ఇంకో పూత ఎయ్యి. ముసురు పట్టింది, రెండు రోజులన్న ఎండాలె. లగ్గం వారం ఉందనంగ ఇగ చేతులు కట్టుకో. ముట్టకు."

"ఎందుకు ముట్టద్దు?"

"గందుకే."

ఇంతకంటే వివరంగా చెప్పి ఉంటే వినేవాణ్ణేమో. డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి కారణం లేని వాక్యం కనిపిస్తే కొట్టేయడం అలవాటు.

ఇక్కడ పెండ్లికొడుకు తండ్రి రాజేశం గురించి చెప్పాలి. సిరిసిల్ల మనిషి. నాలుగు సాంచలున్నాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. పగలంతా వాటి చప్పుడులో ఉండడం వల్ల కాబోలు, బయట చాలా నెమ్మదిగా, చాలా తక్కువగా మాట్లాడతాడు. పెండ్లికొడుక్కి బట్టలు పెట్టేది ఆడపెండ్లివారు. నేసేవాళ్ల ఇంటికి బట్ట పెట్టడమంటే వంటవాడికి అన్నం వడ్డించడం లాంటిది. మల్లేశం దానికి తన సొంత పద్ధతిలో సిద్ధమయ్యాడు. బట్టలు పెట్టిన రోజు పట్టంచు పంచెను పళ్లెంలో పెట్టి అందరికీ వినబడేలా చెప్పాడు.

"చేతిమగ్గం బావా. ఒక ముసలాయన ఆరు రోజులు కూసోని నేసిండు. గిసొంటి పని చేసేటోళ్లు ఇప్పుడు లేరు."

రాజేశం రెండు చేతులతో పళ్లెం అందుకున్నాడు. పెట్టిన బట్టను మడత విప్పి చూడడం మర్యాద కాదు. ఆయన విప్పలేదు. "ముసలాయనకు దండం" అన్నాడు.

లగ్గానికి ముందురోజు పీటలను కారు డిక్కీలో వేసుకుని మంచిర్యాల చేరాం. దారిలో ఒక ఇత్తడి బిందె దొర్లి పెండ్లికొడుకు పీట మీద జానెడు గీత పెట్టింది. ఎవరూ చూడలేదు. చూసినా పట్టించుకునేవారు కాదు, పీట మీద మనిషి కూర్చుంటే గీత కనిపించదు. ఇంత చిన్న విషయం ఆ క్షణాన నాకు తట్టలేదు. తెల్లవారగానే లేచి, వెంట తెచ్చుకున్న డబ్బా అడుగున మిగిలిన వార్నిష్‌తో గీత మీద ఒక పూత వేశాను. గీత మీద ఒక్కచోటే వేస్తే అతుకులా కనిపించింది. పీట మొత్తం వేశాను. రెండో పీటకు వార్నిష్ మిగల్లేదు. సరే, మర్యాద ముందుగా మగపెండ్లివారికే దక్కాలి కదా అనుకున్నాను. దక్కింది.

హాలుకు తీసుకెళ్లే ముందు వేలితో ముట్టి చూశాను. అంటలేదు. ఇక్కడ ఒక మాట. వేలికి బరువు ఉండదు. ప్రవీణ్‌కు ఉంది. పైగా వీడియో వాళ్ల లైట్ల వేడికి, గంటన్నర సేపు కదలకుండా కూర్చుంటే, లోపల పచ్చిగా ఉన్న వార్నిష్ తన పని తాను చేసుకుపోయింది.

ఇప్పుడు మళ్లీ మండపం దగ్గరికి వద్దాం.

"ఏమైందిరా?" అని మల్లేశం అడిగాడు.

"పీట వస్తుంది మామా" అన్నాడు ప్రవీణ్, చాలా వినయంగా.

ఇద్దరు చుట్టాలు పీట పట్టుకుని లాగారు. పీట రాలేదు. పంచె రావడం మొదలైంది. ప్రవీణ్ "వద్దు, వద్దు" అని రెండు చేతులూ నడుముకు వేయబోయి, చేతిలో పుస్తె ఉన్నదని గుర్తొచ్చి ఆగాడు.

"మల్ల కూసో" అన్నారెవరో.

"కూసుంటే పుస్తె ఎట్ల కడ్తడు?"

"నీళ్లు పొయ్యుండ్రి."

"వార్నిష్‌కు నీళ్లెందుకయ్యా, కిరసనాయిలు పొయ్యాలె."

"పెండ్లికొడుకు మీదనా?"

"లగ్నం ఇంకా జరంతసేపే ఉన్నది" అన్నాడు పంతులు, ఎవరి వైపూ చూడకుండా.

శ్రావణి తల వంచుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నన్ను నమ్మిన పిల్ల. ఈ లగ్నం దాటితే దానికి కారణం నేను, నా ఇరవై రోజుల పని, ఒక జానెడు గీత. ముందుకు వెళ్లి "తప్పు నాదే" అన్నాను. అందరూ నా వైపు చూసి, ఆ సంగతి తమకు ముందే తెలుసన్నట్టు మళ్లీ పీట వైపు తిరిగారు.

అప్పుడు రాజేశం లేచి వచ్చాడు. చొక్కా జేబులోంచి వేలెడంత కత్తెర తీశాడు. సాంచల దగ్గర తెగిన పోగులు కత్తిరించే కత్తెర. కొడుకు పెండ్లికి కూడా అది జేబులోనే ఉంది. కొడుకు వెనక మోకాళ్ల మీద కూర్చుని, "కదలకు" అని, పీట అంచు వెంట పంచెను కత్తిరించుకుంటూ పోయాడు. పీట కింద పడింది. తన మెడలోని కండువా తీసి కొడుకు నడుము చుట్టూ కట్టాడు.

"ఇగ కట్టు" అన్నాడు.

ప్రవీణ్ పుస్తె కట్టాడు. లగ్నం ఇంకా ఉందని పంతులు తన వాచీ చూపించాడు. తలంబ్రాలకు శ్రావణి లేచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె ఏడవలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి గాని అవి నవ్వుకు వచ్చినవి.

"నాది రాలే మామా" అంది మెల్లగా. "జర చూసుకోనే లేచిన."

కథ ఇక్కడ అయిపోయి ఉంటే నా ఒక్కడి పరువుతో పోయేది.

భోజనాల వేళ రాజేశం ఆ పీటను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. పీట మీద పంచె ముక్క, ఒక్క ముడత లేకుండా, అద్దం బిగించిన పటంలా వార్నిష్‌లో పరుచుకుని ఉంది. గోచీ దగ్గరి అంచు సరిగ్గా మధ్యలో పడింది. ప్రతి పోగూ విడివిడిగా కనిపిస్తోంది. నేను క్షమాపణ చెబుదామని వెళ్లాను. వెనకే మల్లేశం వచ్చాడు.

"గీ అంచుల రెండు ఎర్ర పోగులు జంటగ పోవాలె" అన్నాడు రాజేశం వేలు పెట్టి చూపిస్తూ. "ఈడ ఒకటే ఉన్నది. జానెడు పోయినంక మల్ల రెండయినయ్. మల్ల జానెడుకు ఒకటి."

"ముసలాయన కదా బావా" అన్నాడు మల్లేశం. "కండ్లు సరిగ కనవడయి."

రాజేశం ఆ అంచు మీద జాన పెట్టి కొలిచాడు.

"మా మూడో సాంచ గిట్లనే తెంపుతది. జానెడుకు ఒకపారి. అయిదేండ్ల సంది రిపేర్ చేస్తున్న, దొరుకుతలేదు. గిది మా ఇంట్ల నేసిన బట్ట బావా."

మల్లేశం వెంటనే వంటల దగ్గర ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయాడు. రాజేశం కోపం తెచ్చుకోలేదు. సిరిసిల్లలో నేసిన బట్ట మంచిర్యాల దాకా పోయి పళ్లెంలో తిరిగి వచ్చినందుకు ఆయన లోపల కాస్త గర్వపడ్డాడని నా అనుమానం. పీట తనకు ఇమ్మని అడిగి తీసుకెళ్లాడు.

కరీంనగర్ వచ్చాక వీరాచారి ఇంటికి వెళ్లాను. బొట్టు పెట్టి, కొత్త బట్టలు పెట్టాను. ఆయన రందా మీద చేయి వేసి ప్రతిజ్ఞ చేశాను: "ఇకమీదట మనిషి కూర్చునే వస్తువు ఏదీ చేయను. చేసినా వార్నిష్ వేయను. వేసినా శ్రావణంలో వేయను. శ్రావణంలో వేసినా ముందు నేనే కూర్చుంటాను."

"గా ఆఖరిదొక్కటి మొదలే చేస్తే అయిపోతుండె" అన్నాడు వీరాచారి.

ఆ పీట ఇప్పుడు సిరిసిల్లలో మూడో సాంచ ఎదురుగా గోడకు వేలాడుతోంది. సాంచ ఇంకా జానెడుకు ఒకసారి పోగు తెంపుతూనే ఉంది. వియ్యంకులు ఎక్కడ కలిసినా రాజేశం ముందుగా, చాలా మర్యాదగా ఒకే మాట అడుగుతాడు.

"ముసలాయన మంచిగున్నడా బావా?"

"మంచిగనే ఉన్నడు" అంటాడు మల్లేశం.

ఆ ముసలాయన పేరు మాత్రం ఇప్పటిదాకా బయటికి రాలేదు.