పదమూడు ముక్కల వాకబు

నిన్న సాయంత్రం మనవరాలికి పేకాట నేర్పుతుంటే, ముక్కలన్నీ నా వైపు తిప్పి విసనకర్రలా పట్టుకుంది. "అమ్మమ్మా, ఇవి గుడ్ కార్డ్సా?" అని నన్నే అడిగింది. అచ్చం వాళ్ల నాన్నే. నాకు 2011 అక్టోబరు గుర్తొచ్చింది.

అప్పుడు నేను అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గరున్నాను. తను పెళ్లి చేసుకుంటానన్న అబ్బాయి అమెరికాలోనే పుట్టిన తెలుగువాడు. పగలు మందుల పరిశోధన, శుక్రవారం సాయంత్రాలు ఒక బార్‌లో గిటారు పట్టుకుని బ్లూస్ అనే దిగులు పాటలు. సంబంధం అన్నాక వాకబు చేయాలి కదా. ఆ ఊళ్లో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు కనుక అతని పాటలనే వాకబు చేశాను. అమ్మాయి అర్థం చెబుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఒక పాటలో పాచికలాడి వాచీ, కోటు పోగొట్టుకున్నాడు. ఇంకోదాంట్లో, మీ ఆయన రైలెక్కాడు, తలుపు గడియ పెట్టకు అని ఎవరో ఇల్లాలిని బతిమాలాడు. మూడోదాంట్లో, పిల్లా, పేక నువ్వే కలుపు, ఓడితే నీ దగ్గరే ఓడతాను అన్నాడు.

"ఇవన్నీ ఇతను రాసినవేనా?"

"అవునమ్మా. బ్లూస్ అంటే అలాగే రాస్తారు."

"అనుభవం లేకుండా ఎలా రాస్తాడే?"

మా నాన్న పేకాడేవారు. మా అమ్మ చేతులకు మట్టిగాజులు తప్ప ఏమీ మిగల్లేదని మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఆ ఇంట్లో పెరిగినందుకు నాకొక విద్య అబ్బింది. జూదరి ముక్కలు సర్దుకోడు. పదమూడూ ఒక్కసారి చూసి మూసేసి, ఆ తరువాత ఎదుటివాళ్ల ముఖాలే చూస్తాడు. అలా చూసే మనిషి నా కూతురికి ఎదురుగా కూర్చోకూడదు.

ఆదివారం అబ్బాయిని భోజనానికి పిలిపించి, గుత్తివంకాయ కూర వడ్డించి, చేతులు కడుక్కోగానే పేక తీశాను.

"ఇదేంటమ్మా, ఇంటర్వ్యూనా?" అంది అమ్మాయి.

"రమ్మీ. నువ్వూ కూర్చో."

పంచాను. అతను ఒక్కో ముక్కా ఎత్తి, బొమ్మలన్నీ నాకు కనిపించేలా పట్టుకుని, ఆఠీన్లూ డైమన్లూ కలిపేసి ఒక పక్కన పెట్టాడు.

"ఆంటీ, రెడ్ అన్నీ ఒకటే కదా?"

"ఎప్పుడూ ఆడలేదా బాబూ?"

"లేదు ఆంటీ. నాకు కార్డ్స్ రావు."

"మరి ఆ పాటలు?"

"పాటలో వాడు ఎప్పుడూ ఓడిపోతాడు ఆంటీ. ఆ లేడీ డోర్ కూడా తియ్యదు. విన్ అయితే ఎందుకు పాడతాడు? ఇంటికి వెళ్లి పడుకుంటాడు."

"మూడోది నా గురించి," అంది అమ్మాయి, తన ముక్కల్లోకి చూస్తూ.

"అది ఒక్కటే ట్రూ ఆంటీ," అన్నాడతను.

నా చేతిలో ఆట ముగించేసే ముక్కలే ఉన్నాయి. చూపించకుండా పేకలో కలిపేసి, పాయసం తీసుకురావడానికి లేచాను.

నిన్న మనవరాలి ముక్కలను తన వైపు తిప్పబోయి మానుకున్నాను. మా నాన్నతో మొదలుపెట్టి లెక్కిస్తే అది నాలుగో తరం. మా ఇంట్లో పేక వట్టి ఆటగా మారడానికి అంత కాలం పట్టింది.