మూడో తరగతి పరీక్షకు పెద్దలు కాపలా కాసిన రోజు

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, ఎమర్జెన్సీ రోజుల్లో, కురబలకోటకు అవతల ఒక చిన్న ఊళ్లో పనిచేశాను. మాది పుంగనూరు. మదనపల్లెలో మా పిన్నమ్మ ఇంట్లో ఉంటూ, పొద్దున్నే బస్సెక్కి రోడ్డు మీద దిగి, వేరుశనగ చేల మధ్య బండిబాట వెంట బడికి నడిచేదాన్ని. బడి అంటే ఒక పొడుగాటి గది, దాని ముందు వసారా. ఉపాధ్యాయులం ఇద్దరమే. హెడ్మాస్టరు పెద్దాయన, రిటైరు కావడానికి ఎంతో కాలం లేదు. నాలుగు, ఐదు తరగతులు ఆయనవి, కింది మూడూ నావి. ఆయన చాలా తక్కువ మాట్లాడేవారు. ఊళ్లోవాళ్లు ఆయన్ను అయ్యవారని, నన్ను టీచరమ్మని పిలిచేవారు.

ఆ ఏడాది ఎండలు ముదిరే ముందు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి కబురు వచ్చింది. సమితిలోని బడులన్నిటికీ కలిపి మూడో తరగతి పిల్లలకు ఒకే పరీక్ష పెడతారట. ఒకే రోజు, అందరికీ అవే ప్రశ్నలు. అప్పటిదాకా మా పరీక్షలన్నీ పలకల మీదే జరిగేవి. నేను బోర్డు మీద లెక్క రాస్తే పిల్లలు చేసి చూపించి, తడిగుడ్డతో తుడిచేసుకునేవారు. ఇప్పుడు ఒక్కో బిడ్డకు ఒక్కో అచ్చుకాగితం. నాకు సంబరంగానే అనిపించింది.

ప్రశ్నల కట్టకు సీలు వేసి పంపారు. ముందే నింపి పెట్టుకోమని విడిగా పైకాగితాలు ఇచ్చారు. బిడ్డ పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని, ఇంట్లో పిల్లలు ఎంతమంది. ఇంతే. ఒక మధ్యాహ్నం నేను మూడో తరగతి వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి అడిగి రాసుకున్నాను. పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పారు. ఒకడు ఇంట్లో మేకపిల్లను కూడా కలిపి చెబితే అందరం నవ్వుకున్నాం.

మరునాడు మూడో తరగతిలో ఒక్కరూ లేరు. ఒకటి, రెండు తరగతుల్లోనూ సగం మందే వచ్చారు. ఏదైనా జాతరేమో అనుకుని హెడ్మాస్టరును అడిగితే, తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపి పాఠంలో పడిపోయారు.

సాయంత్రం బడి వదిలాక ఊరి చివర గొర్రెలు మేపుకునేవాళ్ల ఇళ్ల వైపు వెళ్లాను. ఆ వీధిలో మూడో తరగతి పిల్ల ఒకతె ఉండేది. లెక్కలంటే ఎగిరి గంతేసే పిల్ల. వాళ్ల ఇంటి ముందు తల్లి రాగులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది కానీ, ఎప్పటిలా రమ్మనలేదు.

"పాప బడికి రాలేదేం?" అన్నాను.

"లేదమ్మా. వాళ్లవ్వ ఊరికి పోయింది."

ఆ పిల్ల తలుపు వెనకనుంచి తొంగిచూస్తోంది. తల్లి కూడా అటు చూసి తల వంచుకుంది. ఇంతలో తండ్రి మందను దొడ్లోకి తోలి వచ్చాడు. పొడుగాటి మనిషి, భుజం మీద కంబళి. నన్ను చూడగానే అక్కడే ఆగిపోయాడు.

"నేనైతే రాను తల్లీ," అన్నాడు. "ఎవురొచ్చి పిల్చినా రాను. నాకు ఒక్క మొగబిడ్డ గూడా లేడు."

"ఎక్కడికి రావాలి?" అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

"ఆపరేషనుకు. ఇంగేముండాది? బిడ్లకు పరీచ్చ అని జెప్పి, ఇంట్లో ఎంతమంది బిడ్లని రాసుకోని పోతివి గదా. ఎవురింట్లో ఎక్కువుంటే వాళ్లింటికి జీపొస్తాదంట."

నేను నవ్వబోయి ఆగాను. ఆ రోజుల్లో జీపులు తిరగడం అబద్ధం కాదు. కుటుంబ నియంత్రణ క్యాంపులకు మనుషుల్ని తీసుకురమ్మని ఊళ్లల్లో పనిచేసే ఉద్యోగులందరికీ చెప్పేవారు.

"అది కాదప్పా. ఇది పిల్లలకు చదువెంత వచ్చిందో చూసే పరీక్ష. అన్ని ఊళ్లల్లోనూ పెడతాండారు."

"సదువు సూసేదానికి మా ఇంట్లో ఎంతమంది బిడ్లుండారో యాలమ్మా?"

ఆ ప్రశ్న అక్కడ ఎందుకు పెట్టారో నాకూ తెలియదు. తెలియదనే చెప్పాను. అతను కొంచెం మెత్తబడ్డాడు.

"నీమీద కోపం లేదులేమ్మా. పోయిన నెల మీ అయ్యవారే వచ్చినాడు ఈ వాకిట్లోకి. ఎంతమంది బిడ్లప్పా నీకు, అని ఆయప్ప గూడా అదే మాట అడిగినాడు. మళ్లా నువ్వొచ్చి అదే అడిగితే మేమేమనుకోవల్ల?"

మరునాడు పొద్దున హెడ్మాస్టరుకు జరిగిందంతా చెప్పాను. "క్యాంపుకు మనిషిని తీసుకురాకపోతే జీతం ఆపుతామన్నారు," అన్నారాయన. "నేను వీధి వీధి తిరిగాను. ఒక్కరూ రాలేదు. వాళ్ల వాకిళ్లలో నిలబడి అడిగిందానికి నాకే తల కొట్టేసినట్టయింది." ఆయన నాతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు.

పిల్లలు ఎంతమంది అన్నచోట రాసింది కొట్టేద్దామని నేనన్నాను. పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నారాయన. పిల్లలే లేకపోతే పరీక్ష ఎవరికి పెట్టామని చెబుతామన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను: పరీక్ష రోజు తల్లిదండ్రుల్ని రమ్మందాం, వసారాలో కూర్చుని వాళ్ల కళ్లతో చూసుకోనీ. దానికి ఆయన ఒప్పుకోలేదు. అలా ఎక్కడా లేదన్నారు. కానీ ఆ సాయంత్రం గొడుగు తీసుకుని తనే గొర్రెలవాళ్ల ఇళ్ల వైపు బయలుదేరారు. నేను వెనకే వెళ్లాను.

వీధిలో మనుషులు గుమిగూడారు. ఆయన గొడుగు మూసి, చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"పోయిన నెల నేను మీ ఇండ్లకు వచ్చింది ఆపరేషన్ల కోసమే," అన్నారు. "పైనుంచి చెప్పినారు, వచ్చినాను. మీరు రామన్నారు, నేను పోయినాను. ఇప్పుడు పరీక్ష వేరే. దానికీ దీనికీ సంబంధం లేదు. నా మాట మీద నమ్మకం లేకుంటే, ఆ పొద్దు వచ్చి బడి ముందర కూర్చోండి. మీ బిడ్డల్ని ఏమడుగుతామో మీరే వినండి. ఎంతమంది బిడ్డలని రాసిన కాగితాలు ఇవిగో."

నేను రాసిన పైకాగితాలు ఆయన జేబులోంచి తీసి, అందరి ముందూ చింపేశారు. వేరే తెల్లకాగితాలు కోసి పేర్లు రాసుకుందామని నాతో అన్నారు. ఆ పిల్ల తండ్రి హెడ్మాస్టరు గొడుగు అందుకుని, మా ఇద్దరినీ బండిబాట దాకా సాగనంపాడు.

పరీక్ష రోజు వసారా నిండిపోయింది. మగవాళ్లు గోడకు ఆనుకుని, ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల తండ్రి మందను ఎవరికో అప్పగించి వచ్చాడు. సరిగ్గా గుమ్మం పక్కన కూర్చున్నాడు, జీపు వస్తే ముందు తనకే కనబడాలన్నట్టు. నేను ప్రశ్నలు ఒక్కొక్కటే గట్టిగా చదివాను. కూడికలు, తీసివేతలు, బొమ్మ చూసి పేరు రాయడం, చిన్న కథ చదివి జవాబు రాయడం. ఒక బొమ్మ పడవది. మా పిల్లలెవరూ పడవ చూసినవాళ్లు కారు. ఇద్దరు ముగ్గురు పశువులకు నీళ్లు పోసే తొట్టి అని రాశారు. తరువాత అది విని వసారాలో ఒకాయన, "నేనైనా అదే రాసుంటా," అన్నాడు.

పరీక్ష అయ్యాక ఎవరూ లేవలేదు. "ఇంతేనా?" అంది ఒకామె. ఇంతే అన్నాను.

మార్కులు వేసింది మేమే. పైకి పంపే ముందు మళ్లీ అందర్నీ పిలిచాను. ఇదే కష్టమైంది. ఊళ్లో అందరికీ తెలిసిన పరీక్ష పాసో ఫెయిలో తేల్చేదే. సగం మార్కులు రాలేదంటే బిడ్డ పనికిరాదన్నమాట. ఆ పిల్లకు సగం కూడా రాలేదు. తండ్రి కాగితం తిప్పి చూసి, "అయితే ఇంగ మందకు తోలుకోని పోతా. దీనికి సదువు రాదు," అన్నాడు. పిల్ల కళ్లనిండా నీళ్లు.

నేను వాళ్లిద్దరినీ చాప మీద కూర్చోబెట్టి, కాగితం మధ్యలో పరిచాను.

"మొత్తం ఎంతని చూడొద్దప్పా. ఈ పక్క చూడు. లెక్కలన్నీ సరిగ్గా చేసింది. తరగతిలో ఇన్ని ఎవరూ చేయలేదు. పోయిందల్లా సగానికి పైగా మార్కులున్న ఈ కథలోనే. పాపతో ఈ కథను నా ముందర చదివించినాను. వత్తు లేని మాటలు చక్కగా చదువుతుంది. వత్తు వచ్చిన చోట ఆగిపోతుంది. అమ్మ, అక్క, అన్న తప్ప ఏ వత్తూ రాదు."

"వత్తులంటే?" అంది తల్లి. నేలమీద వేలితో రాసి చూపించాను. "ఇవి రెండో తరగతిలో చెప్పినాము."

తల్లి భర్త వైపు చూసింది. "అప్పుడు మనము మందతో మేతకని వేరే ఊర్లకు పోయింటిమి గదా. వానల్లేక. తిరిగొచ్చేటప్పటికి పండగలు అయిపోయుండె."

అతను కాగితాన్ని మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. "అంటే దానికి రాక కాదు. చెప్పేటప్పుడు ఈడ లేదు."

"అవునప్పా. దేంట్లో వెనకబడిందో తెలిసింది కాబట్టి అది చెబితే సరిపోతుంది. ఈ పరీక్ష అందుకే."

పక్కనే నిలబడిన హెడ్మాస్టరు కల్పించుకుని, అప్పు తెచ్చుకునే తీసివేతలు తరగతిలో సగం మందికి రాలేదని, అది పిల్లల తప్పు కాదని, బడి తెరవగానే మళ్లీ మొదటినుంచి చెబుతామని అన్నారు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు.

సమితి నుంచి మెమో వచ్చింది, పైకాగితాలు ఎందుకు పంపలేదని. తడిసి పాడయ్యాయని హెడ్మాస్టరు జవాబు రాశారు. మళ్లీ ఎవరూ అడగలేదు.

తరువాతి ఏడు వానలు లేక మంద మళ్లీ బయలుదేరింది. ఈసారి అవ్వను ఇక్కడికి పిలిపించి, ఆ పిల్లను ఆమె దగ్గర ఉంచి వెళ్లారు. రోజూ బడి వదిలాక అరగంట కూర్చోబెట్టి వత్తులు చెప్పేదాన్ని. దసరా నాటికి సంతలో పొట్లం కట్టి ఇచ్చిన పాత పేపరు ముక్కలన్నీ చదివేది. ఐదో తరగతి ముగించి కురబలకోటలో ఆరులో చేరిందని, నాకు పుంగనూరుకు బదిలీ అయ్యాక హెడ్మాస్టరు కార్డు రాశారు.

పుంగనూరు తరువాత కుప్పంలో చాలా ఏళ్లు పనిచేశాను. అప్పటికి సమితులు పోయి మండలాలు వచ్చాయి. పరీక్ష కాగితాల తీరూ మారింది. అక్కడి పిల్లల్లో కొందరి ఇంట్లో తమిళం, కొందరి ఇంట్లో కన్నడం. తెలుగు కథ అర్థంకాక సున్నాలు వస్తే, మా బిడ్డ మొద్దు అనుకునే తల్లులు అక్కడా ఉన్నారు. ప్రతి పరీక్ష అయ్యాక వాళ్లను పిలిచి, కాగితం చాప మీద పరిచి, ఎక్కడ పోయిందో ఒక్కొక్కటే చూపించేదాన్ని. దానికోసమే కాస్త తమిళం నేర్చుకున్నాను. నా తమిళం విని ఆ తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నవ్వాక ధైర్యంగా అడగాల్సింది అడిగేవాళ్లు.