అమ్మ ఏరిన బియ్యం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే అమ్మ ఊరుకునేది కాదు. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారని, ఊళ్ళో తిరిగే పని వాళ్ళకేమీ ఉండదని అనేది. నేను అలాగే పెరిగాను. ఇప్పటికీ అదే నమ్ముతాను.

అందుకే ఇది ఎవరికీ చెప్పలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి "అందరికీ వందనాలు" అని కూర్చునే మనిషిని నేను. రోజూ రాత్రి డైరీ రాసుకునే అలవాటు మాత్రం ఉంది. కాబట్టి నోటితో చెప్పలేనిది రాయగలనేమో.

మాది కొనకనమిట్ల దగ్గర ఒక మెట్ట పల్లె. నాయన కూలికి పోతాడు. నేను మార్కాపురంలో డిగ్రీ చదివి ఇంటి దగ్గరే ఉంటున్నాను.

మా సంఘంలో ఆడవాళ్ళకు పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, దేవుని కోసం వేరే గిన్నెలో వేయాలి. వారమంతా చేరిన బియ్యాన్ని ఆదివారం చర్చిలో బల్ల ముందున్న గంపలో పోస్తారు. అవి పాస్టరు అయ్యగారింటికో, ఊళ్ళో చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళకో పోతాయి. గిన్నె తీసుకుపోయేది ఆడవాళ్ళే. అమ్మది మూత ఉన్న సత్తు గిన్నె. వంటింటి గూట్లో ఉండేది.

మేం తినేది రేషన్ బియ్యం. అందులో బలం కోసం కలిపిన గింజలు కొన్ని వస్తాయి. కాస్త పసుపుగా, నున్నగా ఉంటాయి. మా ఊళ్ళో అందరూ వాటిని ప్లాస్టిక్ బియ్యం అంటారు. అమ్మ రోజూ దేవుని పిడికెడును చేటలో పోసి, ఆ గింజలు ఒక్కటి కూడా లేకుండా ఏరేది.

"అవి ప్లాస్టిక్ కాదమ్మా. ఒంటికి బలమని కలుపుతారు" అని ఒకసారి చెప్పాను.

"బలమైతే మనం తిందాంలే. దేవునికేమన్నా బలం తక్కువైందా?" అంటూ ఏరిన గింజలు మా అన్నం గిన్నెలో వేసింది.

అమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. మా వైపు ఆ జబ్బు కొత్త కాదు. డయాలసిస్ కోసం మార్కాపురం బస్సెక్కే రోజు కూడా, చేతులు వాచి ఉన్నా, పిడికెడు ఏరి వేశాకే బయలుదేరేది. నేను శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. బైబిల్లో స్వస్థత మాట ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. ఎండాకాలం చివర్లో, టిఫిన్ తెద్దామని నేను వార్డులోంచి కిందికి దిగినప్పుడు అమ్మ చనిపోయింది.

నేను దేవునితో పోట్లాడలేదు. అంత ధైర్యం లేదు. పిడికెడు వేయడం మానేశాను, అంతే. గిన్నె కడిగి గూట్లో బోర్లించాను.

ఆదివారం నాయన తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడేవాడు.

"వస్తావా పాపా?"

"తలనొప్పిగా ఉంది నాయనా."

ఆయన గూటి వైపు ఒకసారి చూసి, వట్టి చేతులతో పోయేవాడు. అమ్మను బతికించని దేవుని దగ్గరికి ఆ గిన్నె మళ్ళీ పోతుందా లేదా అన్నది మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఉండేది. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

చలికాలంలో ఒకరోజు గూడు తుడుస్తుంటే గిన్నె బోర్లించి లేదు. మూత తీస్తే బియ్యం.

నాయన వేశాడనుకున్నాను. జాలేసింది. ఆ బియ్యాన్ని మా డబ్బాలో కలిపేశాను. మరునాడు వంట అయ్యాక చూస్తే మళ్ళీ ఒక పిడికెడు. ఆ మరునాడు ఇంకొంచెం.

అంతలో నాయన మిరప కోతలకని కంభం వైపు పోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. బియ్యం చేరడం ఆగలేదు.

అప్పుడు నా మీదే నాకు అనుమానం వచ్చింది. దుఃఖంలో మనుషులు తెలియకుండానే కొన్ని పనులు చేస్తారని చదివాను. నా చెయ్యే వేస్తోందేమో. గిన్నె ఖాళీ చేసి అమ్మ ట్రంకుపెట్టెలో, ఆమె చీరల మధ్య పెట్టి తాళం వేశాను. తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకున్నాను. స్నానానికి కూడా తీయలేదు.

శనివారం మధ్యాహ్నం పెట్టె తెరిచాను. గిన్నె సగానికి పైగా నిండి ఉంది.

చేటలో పోసి కిటికీ వెలుగులో చూశాను. అన్నీ తెల్లటి గింజలే. మా డబ్బాలో బియ్యం తెచ్చి పక్కన పోశాను. వాటిలో పసుపు గింజలు ఉన్నాయి. వీటిలో వేళ్ళతో ఎంత కెలికినా ఒక్కటి కనబడలేదు.

భయం వేయలేదు. ఒక విధవరాలి తొట్టిలో పిండి తరగకుండా ఉండిన సంగతి సండే స్కూల్లో చెప్పేవాళ్ళు. ఆ కథలో చనిపోయిన ఆమె కొడుకు కూడా మళ్ళీ బతుకుతాడు. తాళం వేసిన పెట్టెలో బియ్యం పోయగలిగిన చేతికి మా అమ్మ కిడ్నీలు ఏపాటి పని? చేట ముందు కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి నాయన బస్సు దిగి వచ్చాడు. సంచి భుజాన ఉండగానే, చేటను చూసి గుమ్మంలో ఆగాడు.

"ఏరుతున్నావా పాపా?"

"ఇదివరకు గిన్నెలో బియ్యం వేసింది నువ్వేనా నాయనా?"

"నేనా? బియ్యం డబ్బా మూత ఎట్ల వస్తాదో కూడా నాకు తెల్దు." ఆయన నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం నేను చూడలేదు. "గిన్నెలో బియ్యం పడ్తా ఉండేది నేను ఊరికి పోకముందే చూసినా. అడిగితే యాడ మానేస్తావో అని అడగలే. నువ్వు మళ్ళీ మొదలుపెట్టినావని ఎంత సంతోషపడినానో."

వేసింది నేను కాదని చెప్పలేకపోయాను.

మరునాడు గిన్నె పట్టుకుని ఆయన వెనక చర్చికి పోయాను. గంప దగ్గర కూర్చునేది మార్తమ్మ పెద్దమ్మ. అమ్మకు జతగత్తె. నేను పోసిన బియ్యం అరచేతిలోకి తీసుకుని ఆడించింది.

"అచ్చం మీ అమ్మ చెయ్యే. ఈ ఊర్లో దేవునికి ఏరి పెట్టేది ఆ యమ్మ ఒక్కతే. మేమంతా ఆయనకు ప్లాస్టిక్ తినిపిస్తాం."

పక్కవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం వంట చేస్తూ నేనే ఒక పిడికెడు తీసి గిన్నెలో వేశాను. నాయన కోసమో, అమ్మ కోసమో తెలియదు. చేట ముందు కూర్చుంటే ఏడుపొస్తుందని ఏరలేదు. వారమంతా అలాగే వేశాను.

శనివారం మూత తీస్తే నేను వేసినవే ఉన్నాయి, పసుపు గింజలతో సహా. ఇంకేమీ చేరలేదు.

తర్వాతి వారం కావాలనే మానేశాను. గిన్నెను పెట్టెలో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకున్నాను. తెరిస్తే ఖాళీ గిన్నె, చీరల వాసన.

నేను మొదలుపెట్టినందుకే ఆగిపోయిందా? అదే నిజమైతే, మొదలుపెట్టకుండా ఉండాల్సిందని ఒక్కోసారి అనిపిస్తుంది. ఇది సాక్ష్యంలో చెప్పే మాట కాదు.

అది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యం అనను. అద్భుతం అనడానికి కూడా నోరు రాదు. ఇప్పుడు రోజూ పిడికెడు వేస్తున్నాను. ఆదివారం నాయనతో కలిసి చర్చికి పోతున్నాను. ప్రార్థన కొంచెం కొంచెంగా వస్తోంది.

వేసేటప్పుడు మాత్రం ఏరను. శనివారం చేటలో పోసి, కిటికీ దగ్గర పెట్టుకుని పసుపు గింజల కోసం వెతుకుతాను. ఏ ఒక్క వారమైనా అవి ఉండవేమోనని.

ఉంటాయి. ఒక్కొక్కటే ఏరి మా అన్నం గిన్నెలో వేస్తాను.