ముంచని గడ

నిజాంపట్నం మొగ దగ్గర మా నావ ఇసుకకెక్కినప్పుడు లోతు చూసే గడ నా చేతిలో ఉంది. దాన్ని నీళ్ళలో ముంచకుండానే "ఉంది, ఉంది" అని అరిచాను. ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ యాత్రకు వచ్చినవాళ్ళు కొందరు విజయవాడలో ఇప్పటికీ ఎదురుపడుతుంటారు. "ఆ ముసలి సరంగు మనల్ని ముంచబోయాడు కదండీ" అని నవ్వుతారు. వాళ్ళకు తెలిసిన కథ తప్పు.

తొంభైల చివర్లో నేను గవర్నర్‌పేటలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. తిరుపతి బస్సులు, షిరిడి బస్సులు, పెళ్ళిళ్ళకు వ్యాన్లు, అదీ మా వ్యాపారం. చరిత్రలో ఎం.ఏ. చేసి బస్సు టికెట్లు రాస్తున్నానన్న దిగులు నాకు లోపల ఉండేది. తెరచాప నావ మీద పాత రేవు పట్నాలు చూపించే యాత్ర పెడదామన్న ఆలోచన నాదే. బందరులో నావ ఎక్కాలి. తీరం వెంట దక్షిణానికి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర ఆగాలి. తర్వాత నిజాంపట్నం, చివరికి మోటుపల్లి. జనవరిలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి చాప ఎత్తితే చాలు, అదే తోసుకుపోతుంది.

"బస్సుండగా నావెవడు ఎక్కుతాడయ్యా?" అన్నాడు మా ఓనరు.

ఎక్కారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, కొందరు బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు లెక్చరర్లు. మెడల్లో కెమెరాలు, సంచుల్లో అటుకులు, జంతికలు. మునిగితే పట్టుకోవడానికి మా ఓనరు లారీ ట్యూబులు గాలి కొట్టించి పంపాడు.

వ్యాన్లో బయల్దేరి పామర్రులో ఇడ్లీ తిని, దారిలో ఘంటసాల చూశాం. అదొకప్పుడు రేవు. సముద్రం ఆ ఊరిని వదిలి చాలా దూరం జరిగిపోయింది. "ఓడలు ఎక్కడ ఆగేవండీ?" అని హెడ్మాస్టరుగారు మినుము చేలో నిలబడి అడిగారు. "బహుశా మీరు నిలబడ్డ చోటేనండి" అన్నాను. అందరూ కాళ్ళకేసి చూసుకున్నారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! అప్పటిదాకా నా మాటకు ఎవరూ అలా తల దించి చూసుకోలేదు. బందరులో వలందపాలెం వెళ్ళి డచ్చివాళ్ళ సమాధులు చూపించాను. రాళ్ళ మీద చెక్కిన ఓడ బొమ్మల గురించి చెబుతుంటే ఆ లెక్చరర్లు కూడా నోట్సు రాసుకున్నారు.

గిలకలదిండిలో నావ సిద్ధంగా ఉంది. సరంగు అరవైకి దగ్గర పడిన మనిషి. నల్లకళ్ళద్దాలు, నడవని వాచీ, నూనె రాసి దువ్విన మీసం. ఎవరో టూరిస్టు ఇచ్చిన ఆ కళ్ళద్దాలను ఆయన మబ్బు పట్టినా తీసేవాడు కాదు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను మొదటి గంటలోనే "చరిత్రా" అని పిలవడం మొదలుపెట్టాడు.

"ఏం చరిత్రా, ఆ డచ్చోళ్ళు మా తాతలకి చేపలేమన్నా బాకీ ఉన్నారా?"

"అద్దకం గుడ్డలు పట్టుకెళ్ళారు బాబాయ్."

"చేపలు తినకుండా గుడ్డలు పట్టుకుపోయారా? అందుకే ఇక్కడే సచ్చి సమాధులయ్యారు."

నావలో ఆయన బావమరిది సగం భాగస్వామి. చాప, గడ అతని పని. తాళ్ళు లాగడానికి ఇంకో ఇద్దరు మనుషులు. బావమరిది ఎప్పుడూ ఆయన్ని ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు. "మా బావకి కళ్ళద్దాలు తీస్తే పగలో రాత్రో తెల్దండీ" అనేవాడు. "ఒరేయ్, నీ అక్కని చేసుకున్నప్పుడు కళ్ళద్దాల్లేవురా, అందుకే మోసపోయా" అనేవాడాయన.

వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. వెనక చుక్కాని దగ్గర కూర్చున్న మనిషికి చాప అడ్డం వచ్చి ముందున్న నీళ్ళు కనపడవు. లోతు తక్కువ చోట్ల ముందు నిలబడ్డవాడు పొడవాటి వెదురు గడ దించి చూస్తూ ఉండాలి. నేల తగలకపోతే "ఉంది" అనాలి, తగిలితే "తగిలింది" అనాలి. చుక్కాని మనిషి ఆ మాట మీదే నావ నడుపుతాడు. ఇంకోటి కూడా ఉంది. నావకు ఏం జరిగినా జవాబు చుక్కాని పట్టినవాడిదే. గడ పట్టినవాణ్ణి ఎవరూ అడగరు. జనాన్ని ఎక్కించుకుని నావని ఇసుకకెక్కించినవాడు మళ్ళీ తనంతట తాను చుక్కాని ముట్టుకోడు. భాగస్వాములు పిలిచి చేతికిస్తేనే పట్టుకుంటాడు.

మొదటి రోజు సముద్రం చాలా నెమ్మదిగా ఉంది. చాప నిండి నావ ఒకవైపు కొంచెం ఒరిగి, చప్పుడు లేకుండా సాగింది. ఒడ్డు దూరంగా సన్నటి సరుగుడు తోటల గీతలా కనిపించేది. చేపల పులుసు నావలోనే మట్టి పొయ్యి మీద వండారు. హెడ్మాస్టరుగారు ముక్కు మూసుకుని పెరుగన్నం తిన్నారు. సాయంత్రానికి హంసలదీవి పక్కనున్న పాలకాయతిప్ప చేరాం. నది నీరు, సముద్రపు నీరు కలిసే చోట రంగు మారడం అందరూ నావ అంచు మీదికి వంగి చూశారు. తిప్ప దగ్గర లోతు చూడ్డం బావమరిది నాకు నేర్పాడు. గడ బరువు, అడుగున మెత్తటి బురద తగిలినప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న అదురు నాకు చాలా నచ్చాయి.

రెండో రోజు మధ్యాహ్నం దాటాక నిజాంపట్నం మొగకు వచ్చాం. వాగు సముద్రంలో కలిసే ఆ నోటి దగ్గర ఇసుక మేటలు ఏటేటా చోటు మారుతాయి. ఆటు వేళ, నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. లోపలికి తిరగాలంటే చాప మార్చాలి. సరంగు బావమరిదిని తాడు దగ్గరికి పిలిచాడు.

"చరిత్రా, గడ పట్టు. నిన్న నేర్చుకున్నావుగా."

పట్టుకున్నాను. రెండుసార్లు ముంచాను. రెండుసార్లూ ఉంది. అప్పుడు హెడ్మాస్టరుగారు కెమెరా తీసి "అలాగే నిలబడండి, బాగుంది" అన్నారు. గడ పైకి తీసి నావ అంచు మీద ఆనించి నిలబడ్డాను. "ఇక్కడికి ఏ ఓడలు వచ్చేవండీ?" అని అడిగారు, కన్ను కెమెరాకే ఆనించి. నేను ఆయన వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. తెల్లవాళ్ళు ఈ ఊరిని ఏమని పిలిచేవాళ్ళో, నూలు బట్టలు ఎక్కడెక్కడికి వెళ్ళేవో చెబుతున్నాను. మిగతావాళ్ళు కూడా దగ్గరికి జరిగి వింటున్నారు.

"ఉందా?" అని వెనక నుంచి కేక.

"ఉంది" అన్నాను, కథ ఆపకుండా.

"ఉందా?"

"ఉంది."

అడుగున గరగరమని చప్పుడైంది. నావ ఆగిపోయింది, గాలి మాత్రం ఆగలేదు. చాప కొయ్య ఫెళ్ళున విరిగి నీళ్ళ మీదికి పడింది. నావ పక్కకు ఒరిగింది. ఎవరో లారీ ట్యూబు కోసం అరిచారు. అందులో గాలి ఎప్పుడో పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నడుముల్లోతు నీళ్ళు, ఆ పక్కనే ఇసుక. కానీ చుక్కాని విరిగింది, అడుగు పలకలు రెండు లేచిపోయాయి.

బావమరిది నీళ్ళలోకి దూకి అడుగు తడిమి చూసి పైకి లేచాడు. అతని గొంతులో ఎప్పటి వేళాకోళం లేదు.

"కళ్ళు నెత్తికెక్కినయ్యా బావా? పుట్టి పెరిగిన మొగ ఇది!"

సరంగు కళ్ళద్దాలు తీశాడు. ఆయన కళ్ళు నేను చూడటం అదే మొదలు. నా వైపు చూసి మామూలుగానే అడిగాడు.

"అబ్బాయ్, గడ తగల్లేదా?"

నేను ఏమీ అనలేదు. వంగి హెడ్మాస్టరుగారి సంచీ అందుకుని, ఆయన చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దించాను. ఉద్యోగం పోతుందన్న భయం ఉందా అంటే ఉంది. కానీ అసలు కారణం అది కాదు. ఒక్క నిమిషం ముందు ఆ మనుషులందరూ నన్ను ఎలా చూశారో, ఆ చూపు పోవడం నాకు ఇష్టం లేకపోయింది.

వెనక ఆయన గొంతు వినపడింది. "తగిలుంటే చెప్పేవోడేలే. నేనే ఇటు ఎక్కువ తీసినట్టున్నా. మేట ఇటు జరిగిందని గుర్తు లేపోయింది."

మర్నాడు బందరు నుంచి వ్యాను రప్పించుకుని మోటుపల్లి వెళ్ళాం. సరంగు నావ దగ్గరే ఉండిపోయాడు. మోటుపల్లి గుడిలో పాత శాసనం ఒకటి ఉంది. నేను దాని అర్థం వివరించాను. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ళ సరుకు ఇదివరకటి రాజులు లాక్కునేవాళ్ళు, మేము లాక్కోము, మా రేవుకు భయం లేకుండా రండి అని ఆ కాలపు రాజు వేయించిన మాట అది. "నిన్నటి మన సరంగుకి ఇది చదివి వినిపించాలి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత మా ఓనరు నావ యాత్ర పెట్టలేదు. బందరుకు వ్యాన్లే నడిపాం. డచ్చివాళ్ళ సమాధుల దాకా జనాన్ని తీసుకెళ్ళేవాణ్ణి కానీ గిలకలదిండి వైపు పోయేవాణ్ణి కాదు. సరంగుకు మళ్ళీ చుక్కాని ఇవ్వలేదని, బావమరిది నావలోనే వల లాగుతున్నాడని చెవిన పడింది. వయసైపోయిందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, ఆఫీసు నా చేతికొచ్చింది.

సునామీ వచ్చిన మరుసటి ఏడు కొందరు లెక్చరర్లు గిలకలదిండి రేవు చూడాలంటే తప్పించుకోలేక వెళ్ళాను. బావమరిదికి ఇప్పుడు ఇంజను బోటు ఉంది. ఒడ్డున పదిమంది కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్ళలో ఆయన. మీసం తెల్లబడింది. కళ్ళద్దాలు లేవు. బోటు ఎక్కుతున్న మా వాళ్ళతో బావమరిది అన్నాడు: "మా బావకి మాత్రం చుక్కాని ఇవ్వకండి సార్, నిజాంపట్నం బజారు దాకా నావేసుకుని పోతాడు!" ఒడ్డున అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఎన్నిసార్లో విని అలవాటైపోయిన మాటకు నవ్వే నవ్వు అది. తర్వాత నన్ను గుర్తుపట్టి, "చరిత్రా, బాగున్నావా?" అని చెయ్యెత్తాడు.

ఆ వారమంతా ఆ నవ్వు నన్ను వదల్లేదు. మళ్ళీ ఆదివారం పొద్దున్నే ఒక్కణ్ణే బస్సెక్కి వెళ్ళాను. ఆయన ఇంటి ముందు పీట మీద కూర్చుని వల కుడుతున్నాడు. పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చెయ్యి ఆగలేదు. ముడి వేసి, దారం పంటితో తెంపి, అప్పుడు మాట్లాడాడు.

"సగం అనుకున్నా. సగం అనుకోలా. ఈ కుర్రోడు అబద్ధం ఎందుకు చెప్తాడ్లే, మొగ నేనే మర్చిపోయి ఉంటా అనుకున్నా. మొగే మర్చిపోయినోణ్ణి, ఇంకేం మర్చిపోతానో అని మళ్ళా ఎవర్నీ చుక్కాని అడగలా."

"తప్పు నాది బాబాయ్."

"గడ నీకిచ్చింది నేనేగా. అది సరే." ఆయన వల పక్కన పెట్టాడు. "నా చెవిలో చెప్తే ఏం లాభం చరిత్రా? నేను నవ్వుతున్నానా నన్ను చూసి? నవ్వినోళ్ళు అక్కడున్నారు, పద."

మోకాళ్ళ మీద చేతులు పెట్టి మెల్లగా లేచి ముందు నడిచాడు. ఒడ్డున బావమరిది ఇంజను ఆడించి చూస్తున్నాడు. చుట్టూ ఓ పదిమంది. నేను వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. ఇంజను మోతలో నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏందండీ?" అన్నాడు బావమరిది.

"ఆపరా ఆ మోత" అన్నాడాయన. బావమరిది ఇంజను ఆపాడు. అందరూ నా వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పు. గట్టిగా చెప్పు."

"ఆ రోజు నిజాంపట్నం మొగలో గడ నా చేతిలో ఉంది. కబుర్లు చెబుతూ దాన్ని నీళ్ళలో ముంచలేదు. ముంచకుండానే ఉందన్నాను. బాబాయ్ నా మాట నమ్మి నావ నడిపాడు. ఆయన మొగ మర్చిపోలేదు. ఆయన అడిగినప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. నావ ఇసుకకెక్కించింది నేను. నన్ను క్షమించు బాబాయ్."